గిటారు బృందాలకు ఆర్కెస్ట్రా మైకుసెట్టు పనికిరాదు

సంపాదకులకు,

గిటారు, కహోన్ (మీద కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె డ్రమ్ము) పెట్టుకుని సొంత పాటలు పాడే చిన్న రాక్ బృందాలు నెల్లూరులో ఇప్పుడిప్పుడే వేదికలెక్కుతున్నాయి. కచ్చేరి అయ్యాక మాత్రం "పాట బాగుందిగానీ మైకు కూత భరించలేకపోయాం" అనే మాటే ఎక్కువ వినబడుతోంది. సినిమా పాటల ఆర్కెస్ట్రాకు చేసే అమరికనే వీళ్లకూ చేయడంతో వచ్చిన చిక్కు ఇది.

ఆర్కెస్ట్రాలో కీబోర్డు, ఎలక్ట్రానిక్ డ్రమ్ము ప్యాడ్ల ధ్వని వైరు గుండా నేరుగా మిక్సర్‌కు (అన్ని ధ్వనుల్నీ కలిపి సరిచేసే యంత్రానికి) పోతుంది. స్పీకరు బాక్సులు ఎంత మోగినా వాటికేమీ కాదు. అకౌస్టిక్ గిటారుది బోలు చెక్క. బాక్సుల మోతకు దాని పైపలక అదురుతుంది, ఆ అదురును బ్రిడ్జి (తీగలు ఆనే చెక్క) కింద ఉండే పికప్ అనే చిన్న పరికరం పట్టుకుని మళ్లీ బాక్సులకే పంపుతుంది. చాలాసార్లు ముందు మొదలయ్యేది కీచు కాదు, 'ఊం' అనే బొంగురు మోత. అది 100 హెర్ట్జ్ చుట్టుపక్కల, లేదంటే 200 దగ్గర ఉంటుంది. ఆపరేటర్లు అలవాటు కొద్దీ ట్రెబుల్ (సన్నని ధ్వని) తగ్గిస్తారు. మోత అలాగే ఉంటుంది, గిటారు మాత్రం మూగబోతుంది. 100, 200 హెర్ట్జ్ దగ్గర మాత్రమే, పక్క స్వరాలను తాకకుండా, ధ్వనిని 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించాలి. గిటారు రంధ్రానికి రబ్బరు మూత పెడితే సగం బాధ తీరుతుంది. అప్పటికీ ఆగకపోతే గిటారు ప్రీయాంప్ (పికప్ ధ్వనిని పెంచే పరికరం) మీద ఉండే, ధ్వని తరంగాన్ని తిరగేసే ఫేజ్ బటన్ నొక్కి చూడాలి.

గిటారు వైరు 6 మీటర్లు దాటనివ్వకూడదు. వాయించే మనిషి పక్కనే డీఐ బాక్సు (గిటారు ధ్వనిని మైకు కేబుల్‌లో పోయేలా మార్చే చిన్న పెట్టె) పెట్టి, అక్కడి నుంచి మామూలు మైకు కేబుల్ లాగితే జనరేటరు గురగుర చాలావరకు తగ్గుతుంది. ఇంకొకటి, వైరు గుచ్చి ఉన్నంతసేపూ గిటారులోని 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. సౌండ్ చెక్ అయ్యాక వైరు పీకకపోతే బ్యాటరీ అయిపోవచ్చి అసలు కచ్చేరిలో ధ్వని పగలొచ్చు. కహోన్ మైకు వెనక రంధ్రం దగ్గర పెట్టాలి, చెక్క వేదికైతే కింద మందపాటి పట్టా పరవాలి. పాడే మైకు తలను గుప్పిట పట్టకూడదు. పడితే నాలుగు వైపుల ధ్వనీ లాగేసి కూత పెడుతుంది.

మైపాడు బీచిలో పాడేవాళ్లకు ఉప్పుగాలితో ఇంకో తంటా. వాయించగానే తీగలు పొడిగుడ్డతో తుడవకపోతే తొందరగా తుప్పు పడతాయి. కొత్త తీగలు ముందురోజే బిగించాలి, అదేరోజు బిగిస్తే సాగిపోయి పాటపాటకూ శృతి దిగుతుంది. ఏసీ కారులోంచి మే నెల ఎండలోకి తెచ్చిన గిటారును వెంటనే శృతి చేయడం దండగ. కాసేపు అక్కడి వేడికి అలవాటు పడనివ్వాలి.

ఇవన్నీ కుదరాలంటే సౌండ్ చెక్‌కు గంట సమయం కావాలి. అది దొరకడమే కష్టంగా ఉంది. ఆరున్నరకు కార్యక్రమమైతే ఆరింటికి హాలు తాళం తీస్తారు. తర్వాత అతిథులు, శాలువాలు, ఉపన్యాసాలు. ఆరుబయట కచ్చేరైతే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ ఆపాల్సిందే కాబట్టి, కోత పడేది పాటకే. సన్మానాలు పాట తర్వాత పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు (సన్మానగ్రహీతలు కూడా పాట వింటారు!).

పురమందిరం, కస్తూర్బా కళాక్షేత్రం వంటి హాళ్ల నిర్వాహకులకు మా విన్నపం: వారం మధ్యలో ఖాళీగా ఉండే సాయంత్రాలను చిన్న బృందాలకు సగం పూట అద్దెకు ఇవ్వండి, నాలుగింటికే తలుపులు తీయండి. ఇలాంటి బృందాలకు సబ్‌వూఫర్ల (గుబగుబ మోగే పెద్ద బాక్సుల) వరుసలు అక్కర్లేదు. రెండు వందల మంది కూర్చునే హాలుకు స్టాండు మీద రెండు బాక్సులు, పాడేవాళ్లకు తమ పాట తమకు వినబడేందుకు రెండు మానిటర్ స్పీకర్లు, ఎనిమిది ఛానెళ్ల మిక్సర్ చాలు.

– అకౌస్టిక్ సంగీత బృందం సభ్యులు,
మాగుంట లేఅవుట్, నెల్లూరు