నంబర్ లాక్ చూపించాకే సూట్‌కేసు అమ్మాలి

సంపాదకులకు,

ఆగస్టు సెమిస్టరుకు అమెరికా వెళ్లే పిల్లల కోసం మన ఊళ్లలో పెద్ద సూట్‌కేసులు జతలు జతలుగా అమ్ముడవుతాయి. దాదాపు అన్నిటికీ మూడంకెల నంబర్ లాకే. దాన్ని సెట్ చేసే పద్ధతి మాత్రం అగ్గిపెట్టెంత కాగితం మీద, కంటికి ఆనని ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటుంది. దుకాణంలో చక్రాలు, హ్యాండిల్ చూపించి బిల్లు రాసేస్తారు, లాకు సంగతి ఇంటికెళ్లి చూసుకోమంటారు. దాంతో కొన్ని పెట్టెలు తెరుచుకోక రిపేరుకు వస్తున్నాయి, మరికొన్ని 000 మీదే విమానం ఎక్కుతున్నాయి.

కొత్త లాకు సాధారణంగా 000 మీద వస్తుంది. ఆ అంకెలు గుర్తుకు ఎదురుగా ఉండగా, తీసే బటన్‌ను బాణం వైపు నెడితే జిప్పు రన్నర్లు బయటికొస్తాయి. లాకు అలా తెరిచి ఉండగానే పక్కనున్న సన్నని రంధ్రంలో బాల్‌పెన్ను మొనతో టక్కుమనేదాకా నొక్కాలి. లోపలి బటన్ కిందికి దిగి అక్కడే ఆగుతుంది. అప్పుడు మన నంబరు పెట్టి, తీసే బటన్‌ను మళ్లీ బాణం వైపు నెట్టాలి. లోపలి బటన్ పైకి లేస్తేనే నంబరు కుదిరినట్టు. జిప్పు లేని గట్టి పెట్టెల్లో చాలావాటికి రంధ్రం బదులు మూత లోపల చిన్న మీట ఉంటుంది. దాన్ని పక్కకు జరిపి, నంబరు పెట్టి, తిరిగి మొదటి చోటికి తేవాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఆఖరి మెట్టు దగ్గరే. లోపలి బటన్ దిగి ఉన్నంతసేపూ అంకెల చక్రాలు తిప్పిన కొద్దీ కోడ్ మారుతూనే ఉంటుంది. అది పైకి లేచిన క్షణాన ఎదురుగా ఏ అంకెలుంటే అదే ఖాయం. 472 పెట్టి, బటన్ నెట్టడం మరిచి, అలవాటుగా చక్రాలు తిప్పి అంకెలు చెరిపేసి, ఆ తర్వాత బటన్ నెట్టారనుకోండి. అప్పుడున్నది 815 అయితే ఇక అదే కోడ్. ఇంట్లో అందరూ 472 తిప్పుతూ కూర్చుంటారు. చక్రం రెండు అంకెల మధ్య ఆగి ఉండగా సెట్ చేసినా తిప్పలే. అందుకే పెట్టె ఖాళీగా, తెరిచి ఉన్నప్పుడే రన్నర్లు లాకులో నొక్కి, అంకెలు చెరిపి, మళ్లీ నంబరు పెట్టి తీసి చూడాలి. ఒకసారి కాదు, మూడుసార్లు.

సరైన నంబరుకూ తెరుచుకోకపోతే కంగారుపడి స్క్రూడ్రైవర్ పెట్టొద్దు. సామాను కుక్కిన పెట్టెలో జిప్పు బిగుసుకుని రన్నర్లు లాకులోని కొక్కేన్ని లాగి పడతాయి. ఒక చేత్తో రన్నర్లను లోపలికి అదిమి, రెండో చేత్తో బటన్ నెట్టాలి. అప్పటికీ రాకపోతే ఒక్కో చక్రాన్ని ఒక అంకె అటూ ఇటూ జరిపి చూడాలి. అదీ కాకపోతే 000 నుంచి 999 దాకా వరసగా వెళ్లాల్సిందే. ఉన్నవి వెయ్యి నంబర్లే, ఒక్కోదానికి మూడు సెకన్లు వేసుకున్నా 50 నిమిషాల పని.

లాకు మీద తాళంచెవి రంధ్రం చూసి ‘చెవి ఇవ్వలేదేం?’ అని దుకాణాల్లో తగాదాలు పడుతుంటారు. పక్కన టీఎస్ఏ007 (టీఎస్ఏ అంటే అమెరికా రవాణా భద్రతా సంస్థ) వంటి గుర్తు, ఎర్రని డైమండ్ బొమ్మ ఉంటే ఆ చెవి కొన్నవాళ్లకు ఇచ్చేది కాదు, అమెరికాలో తనిఖీ సిబ్బంది దగ్గరుండేది. అక్కడ చెకిన్ లగేజీ మొత్తాన్నీ స్కాన్ చేస్తారు. అనుమానం వస్తే ఆ చెవితో తెరిచి, చూసి, లోపల నోటీసు కాగితం పెట్టి మూస్తారు. మామూలు తాళంకప్ప వేస్తే కోసేస్తారు, నష్టపరిహారం ఉండదు.

ఈ లాకు మీద మోయలేనంత నమ్మకం పెట్టుకోకూడదు. ఆ మాస్టర్ చెవుల ఫొటోలు 2015లో బయటపడి, త్రీడీ ప్రింటర్‌తో నకళ్లు తీసుకునేదాకా వెళ్లింది. పైగా పళ్లు సన్నగా ఉండే జిప్పును బాల్‌పెన్ను మొనతో చీల్చి, లాకు వేసిన రన్నర్లనే అటూ ఇటూ లాగి మళ్లీ మూసేయొచ్చు. దారిలో జిప్పు తెరుచుకోకుండా, వెళ్తూ వెళ్తూ ఎవరూ చెయ్యి పెట్టకుండా ఆపేవరకే దాని పని. బంగారం, ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఐ-20 (వీసా కోసం అమెరికా కాలేజీ ఇచ్చే పత్రం), మందులు చేతి బ్యాగులోనే ఉండాలి. నంబరుకు పుట్టిన సంవత్సరం, ఏటీఎం పిన్ అంకెలు వద్దు. పెట్టిన నంబరు ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచాలి.

వేలకు వేలు పోసి కొన్నవాళ్లకు ఇంత మాత్రం చెప్పడం కంపెనీలకు భారమేమీ కాదు. బొమ్మలతో తెలుగులో అరపేజీ కాగితం ప్రతి పెట్టెలో పెట్టాలి. రీసెట్ రంధ్రం ఎక్కడుందో దాని పక్కనే స్టిక్కర్ అంటించాలి. దుకాణదారులు బిల్లు ఇచ్చేముందు కొన్నవారి చేతే నంబరు పెట్టించి, మూడుసార్లు వేయించి తీయించాలి. ఆ నంబరు కనబడకుండా తాము పక్కకు తిరగాలి.

– లగేజీ మరమ్మతు వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు, హైదరాబాద్