మురళికి, కారుణ్య మరణం సంగతి

ఒరేయ్ మురళీ,

ఇంటి కబుర్లన్నీ రాసుకొచ్చి, చివర్లో "కారుణ్య మరణం ఉండాలా, వద్దా? నువ్వు నర్సువి కదా, ఒక్క ముక్కలో చెప్పు" అంటావా! ఒక్క ముక్కలో తేలేదైతే కోర్టులు ఇన్నేళ్లు తలలు పట్టుకునేవా? తీరిగ్గా కూర్చుని చదువు మరి.

చచ్చిపోవాలనుందని రోగులు డాక్టరుగారికి చాలాసార్లు చెప్పరు. రౌండ్స్‌లో ఆయన అడిగితే "పర్లేదండీ" అంటారు. అసలు మాట నైట్ డ్యూటీలో, పక్కకి తిప్పి పడుకోబెడుతుంటే బయటికొస్తుంది. "ఇంకెన్నాళ్లు బాబూ? ఏదో ఒక సూది ఇచ్చెయ్యకూడదూ?" అని. ఆ మాట వెనక ప్రతిసారీ చావు కోరికే ఉంటుందనుకోకు. ఒకాయన అలాగే అడిగాడు. నొప్పి మందు డోసు సరిగ్గా కుదిరాక మర్నాడు క్రికెట్ స్కోరు అడిగాడు! ఒక పెద్దావిడకి నొప్పి కన్నా కొడుక్కి భారమయ్యానన్న దిగులు ఎక్కువ. ఇక మూడో రకం వాళ్లున్నారు చూడు, నొప్పి అదుపులోనే ఉంటుంది, మనసు నిబ్బరంగానే ఉంటుంది, ఇక చాలని తేల్చుకుని ఉంటారు. వాళ్ల ముందు నాకు నోరు పెగలదురా.

నర్సులందరిదీ ఒకటే అభిప్రాయం కాదు. రకరకాల దేశాల సర్వేల్లో, దైవభక్తి గట్టిగా ఉన్న నర్సులు ఎక్కువగా వద్దంటారని తేలింది. అందులో వింతేం లేదు. కానీ పాలియేటివ్ కేర్‌లో, అంటే నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వార్డులో, రోజూ చావు పక్కనే పనిచేసేవాళ్లు కూడా మిగతా వార్డుల వాళ్లకన్నా ఎక్కువ వెనకాడతారట. నిజానికి అంత బాధ చూసేవాళ్లే ముందు ఒప్పుకోవాలి కదా? నాకు తోచింది ఏమిటంటే, ఆ బాధని ఎంతవరకు తగ్గించొచ్చో కూడా వాళ్లకే బాగా తెలుసు. ఐసీయూలో మాది ఇంకో లోకం. వెంటిలేటర్ మీద ఆశ లేకుండా రోజులు లాగుతుంటే, పైకి అనకపోయినా, "ఎవరి కోసం ఇదంతా?" అని మాలో మేం అనుకుంటూనే ఉంటాం.

అరుణా శాన్‌బాగ్ గుర్తుందా? ఆవిడా నర్సే. 1973లో, తను పనిచేసే ముంబై కేఈఎం ఆసుపత్రిలోనే దాడికి గురై, మెదడు దెబ్బతిని, 42 ఏళ్లు మంచం మీదే ఉండిపోయింది. ఆహారం ఆపి ఆవిడకి విముక్తి కలిగించమని ఒక రచయిత్రి సుప్రీంకోర్టుకెక్కితే, వద్దే వద్దని ఎదురు నిలిచింది ఆ ఆసుపత్రి నర్సులే. 2011లో కోర్టు పిటిషన్ కొట్టేసింది. ఆవిడ తరఫున మాట్లాడాల్సింది సేవ చేస్తున్న సిబ్బందే అంది. కానీ ప్రాణాధార చికిత్స ఆపడానికి, షరతులతో, దారి తెరిచింది కూడా ఆ తీర్పే. అన్నేళ్ల పడకలో ఒంటి మీద పుండు పడకుండా చూశామని ఆసుపత్రి వాళ్లు చెప్పారు. ఆ చాకిరీ ఎంతటిదో తెలిసినవాణ్ని, నాకు ఛాతీ ఉప్పొంగింది. అయినా ఒక అనుమానం వదల్లేదు. ఆవిడ్ని బతికించుకోవాలన్నది ఆవిడ కోరికా, వాళ్ల ప్రేమా? ఆవిడ చెప్పలేదు కదా. 2015లో న్యుమోనియాతో పోయింది.

చట్టాలు కూడా మమ్మల్ని తలోచోట నిలబెట్టాయి. 2002లో చట్టం అమల్లోకొచ్చిన నెదర్లాండ్స్‌లో ఆఖరి సూది డాక్టరే ఇవ్వాలి, నర్సు ఇవ్వకూడదు. కెనడాలో 2016 నుంచి నర్స్ ప్రాక్టీషనర్లు, అంటే పైచదువు చదివి కొంతవరకు డాక్టరు పనులు చేసే నర్సులు, కూడా రోగికి అర్హత ఉందో లేదో చూసి, ఆ మందు ఇవ్వొచ్చు. న్యూజిలాండ్‌లో 2021లో అమల్లోకొచ్చిన చట్టం ప్రకారం రోగే ముందు అడగాలి, ఆసుపత్రి సిబ్బంది తమంతట తాము ఆ మాట ఎత్తకూడదు. ఈ చివరిది నాకు నచ్చింది. బలహీనంగా ఉన్న మనిషికి మేం చేసే చిన్న సూచన కూడా ఆజ్ఞలా వినిపిస్తుంది.

నా సంగతంటావా? బుద్ధి తెలిసి, మళ్లీ మళ్లీ అడిగేవాళ్లకి దారి ఉండాలంటాను. ఆ సూది మాత్రం నా చేత్తో ఇవ్వలేను. పిరికితనం అంటావేమో, అను. చేయలేనన్న నర్సుని బలవంతపెట్టకూడదు. అలాగని ఆ నర్సు రోగిని వదిలేసి వెళ్లకూడదు. సూదికి ఇంకొకరు వస్తారు, కానీ అప్పటిదాకా నోరు తడపడం, పక్క మార్చడం నా పనే.

మీ అక్క నర్సింగ్‌లో చేరతానంటోందన్నావు, ఈ ఉత్తరం ఆవిడకీ చూపించు. ఏమంటుందో నాకు రాయి.

నీ
ప్రసాద్