ఐడీ కార్డు అడిగితే బండి తిప్పేశారు

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన నెల లోన్ వసూలుకొచ్చినవాళ్ళతో మా గేటు ముందు జరిగింది రాస్తున్నా, వేస్తే ఇంకో నలుగురికి పనికొస్తుందని.

మా బావమరిది ఒక ఫైనాన్స్ కంపెనీలో పర్సనల్ లోన్ తీసుకున్నాడు, పని పోయి మూడు ఈఎమ్ఐలు ఆగాయి. బాకీ బాకీయే, వాణ్ణి వెనకేసుకు రావట్లేదు. కానీ లోన్ వాడిదైతే ఫోన్లు నాకూ, మా ఆవిడకీ, ఆఖరికి వాడు పనిచేసిన షాపు ఓనర్‌కీ, పొద్దున ఆరున్నరకి ఒకటి, రాత్రి పదింటికి ఒకటి. ఒకరోజు ఇద్దరు కుర్రాళ్ళు బైక్ మీద దిగి వీధంతా వినపడేలా వాడి పేరు పెట్టి అరవడం మొదలెట్టారు. ఎదురింటావిడ ముగ్గు సగంలో ఆపి చూస్తోంది. మా ఆవిడ చెవి కమ్మలు తీసి నా చేతిలో పెట్టి, ముందు ఇవి తాకట్టు పెట్టి వాళ్ళని పంపించెయ్యండి అంది.

మాకు తెలిసిన బ్యాంకు రిటైర్డ్ ఆయన ఒకాయన ముందే చెప్పుంచాడు కాబట్టి, బాబూ మీ ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్ చూపించండి అన్నా. "ఆఫీసు నుంచే వచ్చాం అన్నా" అన్నాడొకడు, గొంతు అప్పటికే తగ్గింది. నేను వీడియో తీద్దామని ఫోన్ బయటికి తీసేసరికి రెండోవాడు బండి స్టార్ట్ చేశాడు.

తర్వాత తెలిసిందేంటంటే 2022 ఆగస్టు 12నే రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ఇచ్చింది, ఉదయం 8 లోపు, సాయంత్రం 7 దాటాక వసూలు కోసం ఫోన్ చెయ్యకూడదు, నలుగురిలో పరువు తియ్యకూడదు, ఇంట్లోవాళ్ళని, ఫ్రెండ్స్‌ని, రిఫరెన్స్ ఇచ్చినవాళ్ళని వేధించకూడదు. వాళ్ళు మా స్టాఫ్ కాదండీ, ఏజెన్సీ వాళ్ళు అని కంపెనీ చేతులు దులుపుకోవడానికీ లేదు. గ్రూపు లోన్లు, అదే మైక్రోఫైనాన్స్ వాళ్ళవైతే టైం ఇంకా తక్కువ, పొద్దున 9 నుంచి సాయంత్రం 6 వరకే. మన దగ్గర 2010లో ఈ మైక్రోఫైనాన్స్ వసూళ్ళని కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ ఎందుకు తేవాల్సి వచ్చిందో ఊళ్ళల్లో ఆడవాళ్ళని అడిగితే చెప్తారు.

ఇంకోటి, పోలీసులొచ్చి ఎత్తుకుపోతారని బెదిరిస్తారు కదా, ఈఎమ్ఐ ఆగినంత మాత్రాన అరెస్టు ఉండదు, అది సివిల్ వ్యవహారం (చెక్కు బౌన్స్ అయితే వేరే కథ, దాన్ని మాత్రం వదిలెయ్యొద్దు). ముందు కంపెనీకే రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు, పైసా ఖర్చు లేదు, వివరాలకి రిజర్వ్ బ్యాంక్ ఫోన్ నంబరు 14448. లోన్ యాప్ వాళ్ళు ఫోటోలు మార్ఫింగ్ చేస్తామంటే మాత్రం ఆగక్కర్లేదు, వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఏజెంట్ చేతికి రశీదు లేకుండా క్యాష్ అసలివ్వొద్దు, మావాడు ఒకసారి ఇచ్చిన రెండు వేలు ఇప్పటికీ ఏ లెక్కలోనూ లేవు.

నా బాధల్లా ఒకటే. లోన్ ఇచ్చేటప్పుడు ఇరవై పేజీల ఇంగ్లీషు కాగితాల మీద టిక్కు పెట్టిన చోటల్లా సంతకం పెట్టించుకుంటారు, ఈ నాలుగు ముక్కలు తెలుగులో ఒక పేజీ వేసి పైన పెట్టడానికి ఏమైంది? వాళ్ళు వేసేదాకా మీ పేపర్లోనైనా నెలకోసారి చిన్న బాక్స్ కట్టి ఆ టైమింగ్సు, ఆ రెండు నంబర్లు వెయ్యండి సార్.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి