మా టేపుల సర్వర్‌ని గట్టెక్కించిన ఇద్దరికి కృతజ్ఞతలు

చెన్నై సాలిగ్రామంలో మాది చిన్న టేప్ ట్రాన్స్‌ఫర్ స్టూడియో. పాత స్పూలు టేపుల్లో ఉన్న పద్యనాటకాలు, హరికథలు, పెళ్ళిళ్ళలో ఇంటివాళ్ళు రికార్డు చేసుకున్న పాటలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. మద్రాసులో తెలుగు సినిమా, తెలుగు నాటకం వెలిగిన రోజుల్లో ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. మా దగ్గరికొచ్చే డబ్బాలు ఎక్కువగా వాళ్ళ అటకల మీంచి దిగినవే. ఆ రికార్డింగులన్నీ ఒకే ఒక్క స్టోరేజ్ సర్వర్ మీద ఉంటాయి. ఆ సర్వర్ నడిపే సాఫ్ట్‌వేర్‌ని ఈమధ్య పూర్తిగా మార్చాల్సి వచ్చింది. ఒక్క ఫైలు కూడా పోకుండా ఆ పని చేసిపెట్టిన ఇద్దరికి నలుగురిలో థాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దన్నారు, రాయను. ఒకరు మా వీధిలోనే ఉంటూ ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం చేసే నెల్లూరు అమ్మాయి. ఇంకొకరు ఆమెకు పాత ఆఫీసులో సీనియర్, బెంగళూరు నుంచి ఫోన్‌లో తోడున్నాయన. ఆమె ‘అన్నా’ అని పిలుస్తుంటే మేమూ అన్నగారనే పిలవడం మొదలుపెట్టాం.

ఒక సర్వర్ గురించి ఇంత టెన్షన్ ఎందుకని అడిగేవాళ్ళకి ఒక మాట. 1970, 80ల నాటి కొన్ని రకాల టేపుల్లో, అయస్కాంత పొడిని పట్టుకుని ఉండే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. మెషీన్ మీద పెడితే కీచుమంటూ హెడ్‌కి అంటుకుపోతుంది. చెన్నై తేమ సంగతి చెప్పక్కర్లేదు కదా! అలాంటి టేపుని 50, 55 డిగ్రీల వేడిలో గంటలకొద్దీ ఆరబెడితే కొన్నాళ్ళు పలుకుతుంది. అప్పుడే రికార్డు చేసుకోవాలి. కొన్ని ఆ తర్వాత మళ్ళీ పలకవు. అంటే సర్వర్‌లో ఉన్న ఫైలే ఇక అసలు ప్రతి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో స్టీరియో చేస్తే గంట టేపుకి సుమారు 2 జీబీ అవుతుంది. ఏళ్ళ తరబడి అలా పోగైందంతా అందులోనే ఉంది.

సర్వర్ మీద ఫ్రీనాస్ 11.3 అనే సాఫ్ట్‌వేర్ నడుస్తుండేది. 2020లో 12వ వెర్షన్‌తో దాని పేరు ట్రూనాస్‌గా మారింది. అది ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. తర్వాత దాన్ని తయారుచేసే కంపెనీయే, లైనక్స్ అనే ఇంకో సిస్టమ్ మీద నడిచే ట్రూనాస్ స్కేల్ తెచ్చి, కొత్త పనంతా అటువైపు మళ్ళించింది. మాకు సర్వర్ కట్టిచ్చినాయన ఊరు మారిపోయారు. బూట్ అయ్యే పెన్‌డ్రైవ్‌లో ఎర్రర్లు మొదలయ్యాయి. పైగా మా డిస్కులు జెలీ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి. అది ఫ్రీబీఎస్‌డీకి సొంతమైన పద్ధతి, లైనక్స్ దాన్ని తెరవలేదు. ఈ సంగతి తెలియని ఎవరైనా నేరుగా స్కేల్ ఎక్కించేసి ఉంటే డిస్కులన్నీ తాళం పడ్డ గదుల్లా ఎదురుగానే ఉండి తెరుచుకునేవి కావు.

ఆ అమ్మాయి వచ్చిన రోజు కీబోర్డు ముట్టుకోలేదు. పేపర్, పెన్ను అడిగి అన్నీ రాసుకుంది. ‘బాబాయ్ గారూ, ముందు వెనక్కొచ్చే దారి చూసుకుందాం, తర్వాత ముందుకెళ్దాం’ అంది. పని అయ్యేదాకా ఆ మాట తప్పలేదు. మొదట సెట్టింగుల ఫైలు దింపింది. దింపేటప్పుడు సీక్రెట్ సీడ్, ఎన్‌క్రిప్షన్ తాళాలు కూడా కలిపి దింపాలట. సీడ్ లేకపోతే లోపల దాచిన పాస్‌వర్డులు మళ్ళీ చదవడం కుదరదట. మర్నాడు కంప్యూటర్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కి నాతో పాటు వచ్చి రెండు చిన్న ఎస్‌ఎస్‌డీలు కొనిపించింది. వాటి మీద, ఇంకా ఫ్రీబీఎస్‌డీ మీదే నడిచే ట్రూనాస్ 13.0 ఎక్కించి సెట్టింగులు పోసింది. పాత పెన్‌డ్రైవ్‌ని చెరపకుండా కవర్లో పెట్టి, పైన తేదీ వేసి నా చేతికిచ్చింది.

కొత్త వెర్షన్ తెరవగానే పైనున్న గంట బొమ్మలో ఒక సందేశం కనిపించింది. పూల్‌కి, అంటే డిస్కులన్నీ కలిపి ఒకటిగా కట్టిన నిల్వకి, కొత్త ఫీచర్లు వచ్చాయి, అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు అని. చూస్తే మంచి సలహాలాగే ఉంటుంది. ఫోన్‌లో అన్నగారు వెంటనే, ‘దాన్ని ముట్టుకోవద్దు’ అన్నారు. సిస్టమ్ అప్‌గ్రేడ్ వేరు, పూల్ అప్‌గ్రేడ్ వేరు. సిస్టమ్ నచ్చకపోతే పాతదానికి వెళ్ళిపోవచ్చు. పూల్ ఒకసారి పైకెక్కిందంటే పాత వెర్షన్‌తో దాన్ని మళ్ళీ తెరవడం కుదరకపోవచ్చు, కిందికి దించే మార్గం లేదు. ఇలాంటి సర్వర్ ఉన్నవాళ్ళు ఈ ఒక్క సంగతి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

జెలీ తాళం ఉన్న పూల్‌ని స్కేల్ తెరవలేదు కాబట్టి, డేటాని ముందు వేరేచోటికి తరలించాలి, దానికి పెద్ద డిస్కులు కావాలి. ఆ అమ్మాయి తన సొంత డిస్కులు రెండు తెచ్చి, ‘పనయ్యాక ఇవ్వండి బాబాయ్ గారూ’ అంది. ఆ రెంటినీ మిర్రర్‌గా (ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ పడేలా) కట్టకుండా విడివిడిగా రెండు కాపీలు చేయమన్నారు అన్నగారు. మిర్రర్‌లో పొరపాటున ఒకటి చెరిగితే రెండోదీ చెరిగినట్టే కదా! కాపీ అయ్యాక రెంటి మీదా స్క్రబ్ అనే తనిఖీ నడిపి, డిస్కులో ఉన్న ప్రతి బ్లాకూ ముందే లెక్కగట్టి రాసుకున్న చెక్‌సమ్‌తో సరిపోయిందో లేదో చూశారు. అది చాలదన్నట్టు అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని అక్కడొకటి ఇక్కడొకటి ఫైళ్ళు విన్నది. రాయబారం పద్యం ఒకటి రాగం చివరిదాకా విని, ‘ఎవరండీ ఈయన!’ అని అడిగింది. అటు ఫోన్‌లో అన్నగారు స్పీకర్ పెట్టమన్నారు.

స్కేల్ ఎక్కించి రీస్టార్ట్ చేస్తే వెబ్ పేజీ రాలేదు. నాకు గుండె జారిపోయింది. ఇది ముందే అనుకున్నదేనంటూ ఆమె మానిటర్ తగిలించింది. లైనక్స్‌లో నెట్‌వర్క్ కార్డు పేరు వేరేగా ఉంటుంది కాబట్టి పాత ఐపీ అడ్రస్ దానికి తగులుకోలేదట. నల్ల స్క్రీన్ మెనూలో అడ్రస్ ఇవ్వగానే పేజీ వచ్చింది, నాకు ప్రాణం లేచొచ్చింది. బయటి డిస్కుల్లో ఉన్న కాపీలు స్కేల్‌లో సరిగ్గా తెరుచుకున్నాకే పాత పూల్ చెరిపారు. అంతవరకూ కవర్లో ఉన్న పెన్‌డ్రైవ్‌తో మొదటికి వెళ్ళే వీలు అలాగే ఉంది.

చివరికి మా రికార్డింగ్ కంప్యూటర్ దగ్గర ఆగాం. దాని సౌండ్ కార్డుకి విండోస్ ఎక్స్‌పీ డ్రైవర్లే ఉన్నాయి, నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకోవడానికి ఎక్స్‌పీకి ఎస్‌ఎంబీ 1 అనే పాత పద్ధతి తప్ప ఇంకోటి రాదు. సర్వర్‌లో దాన్ని అనుమతిస్తూ ఒక్క టిక్ పెడితే పని జరిగిపోతుంది. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. 2017లో వానాక్రై వైరస్ పాకింది ఆ దారిలోనే అని చెప్పి, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని వేరే ఏర్పాటు చేసింది. ఇప్పుడు ఎక్స్‌పీకి ఇంటర్నెట్ లేదు. రికార్డు అయిన ఫైలు ఎఫ్‌టీపీ అనే ఫైళ్ళు పంపే పద్ధతి ద్వారా సర్వర్‌లో ఒకే ఒక్క ఫోల్డర్‌లోకి వెళ్తుంది, మిగతావి దానికి కనిపించను కూడా కనిపించవు.

డబ్బు గురించి ఎన్నిసార్లు ఎత్తినా ఇద్దరూ వినలేదు. అన్నగారు మాత్రం, తన తాతగారి హరికథ టేపు ఒకటి ఇంట్లో ఉందని, అది మా దగ్గర పలుకుతుందేమో చూడమని అడిగారు. కొరియర్‌లో వద్దు, చెన్నై వచ్చినప్పుడు చేత్తో తెమ్మన్నాను.

అమ్మా, అన్నగారూ, మీ ఇద్దరికీ మా స్టూడియో తరఫున, మా దగ్గర టేపులున్న ప్రతి ఇంటి తరఫున చేతులెత్తి నమస్కారం. ఆపిన ట్రాన్స్‌ఫర్లు సోమవారం నుంచి మళ్ళీ మొదలవుతాయి. టేపులిచ్చి ఎదురుచూస్తున్నవాళ్ళకి వరసగా ఫోన్లు చేస్తాం.