బొరుసు కూడా వేయండి సార్

సంపాదకులకు నమస్కారం.

రోమన్ బంగారు నాణేల మీద మొన్న ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. బాగానే ఉంది గానీ ఫొటోలన్నీ బొమ్మ వైపువే, బొరుసు ఒక్కటీ లేదు. పైగా చక్రవర్తులు తమ ముఖం చూసుకుని మురిసిపోవడానికి కొట్టించుకున్నారని తేల్చేశారు. అక్కడే నా గొడవ.

క్లాడియస్ చక్రవర్తి ఆరియస్, అంటే ఆయన బంగారు నాణెం, ఒకటి తిప్పి చూడండి. క్రీ.శ. 41 జనవరిలో అంతకుముందు చక్రవర్తి కాలిగులా హత్య జరిగాక, చక్రవర్తికి కాపలా కాసే ప్రిటోరియన్ దళం వాళ్లు ఈయన్ని తమ శిబిరానికి పట్టుకెళ్లి గద్దె ఎక్కించారు. బొరుసు మీద ఉన్నది ఆ శిబిరం గోడే, లోపల ఒక సైనికుడు, చక్రవర్తిని చేర్చుకున్నారనే అర్థమొచ్చే రెండు లాటిన్ మాటలు. మనిషికి 15,000 సెస్టర్స్‌లు (చిన్న విలువ రోమన్ నాణేలు) ఇస్తానన్నాడని రోమన్ చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు, ఆరియస్‌కి వంద సెస్టర్స్‌లు కాబట్టి తలా 150 బంగారు నాణేలన్నమాట. నన్ను నిలబెట్టింది మీరేనని ఇంత బాహాటంగా ఒప్పుకున్న పాలకుడు ఇంకెవరైనా ఉన్నాడా?

నీరోది ఇంకా తమాషా. 54లో పదహారేళ్లకే చక్రవర్తి అయ్యాడు. ఆ ఏటి ఆరియస్ మీద తల్లి అగ్రిప్పినా, కొడుకూ ఎదురెదురుగా, సమానంగా ఉంటారు, కానీ చుట్టూ రాసిన పేరు తల్లిది! కొడుకు పేరు బొరుసు మీదికి పోయింది. 55కి వచ్చేసరికి ఇద్దరూ ఒకే వైపు చూస్తుంటారు, ముందు నీరో, అతని వెనకాల అంచులా కనిపించే తల్లి ముఖం, పేర్లు కూడా తారుమారు. ఆ తర్వాత నాణేల మీద నీరో ఒక్కడే మిగిలాడు. 59లో ఆమెను చంపించాడు. రెండు సెంటీమీటర్ల బంగారు బిళ్ల మీద ఇంట్లో తగువంతా కనిపిస్తోంది, బొమ్మా బొరుసూ కలిపి చదివితేనే సుమా.

ఇంకొకటి. బ్రూటస్ నాణెం మీద రెండు బాకుల మధ్య ఉన్నది కిరీటమని రాశారు. కాదండీ, అది బానిసకి విముక్తి ఇచ్చినప్పుడు పెట్టే టోపీ. క్రీ.పూ. 42లో, సీజర్‌ని చంపి రోమ్‌ని విడిపించామని చెప్పుకోవడానికి వేసింది. బతికుండగానే నాణేల మీద తన ముఖం వేయించుకున్న సీజర్‌ని చంపి, బొమ్మ వైపు తన ముఖమే వేయించుకున్నాడు బ్రూటస్, అది వేరే సంగతి!

కిరీటం మాట సవరించి, ఈసారి రెండు వైపులూ కాస్త పెద్దవి చేసి వేయండి.

— ఒక పాఠకుడు