మండేదా, మండనిదా?

సంపాదకులకు నమస్కారం.

రంగుల్లో కలిపే థిన్నర్ డబ్బా మీద, స్ప్రే సీసా అడుగున ఇప్పటికీ అక్కడక్కడా ‘ఇన్‌ఫ్లేమబుల్’ అన్న మాట కనిపిస్తుంది. ఇంగ్లీషు కొద్దోగొప్పో చదువుకున్నవారికి అది ‘మండనిది’ అని తోస్తే వారిని తప్పుపట్టలేం. విజిబుల్‌కు ఇన్‌విజిబుల్, కరెక్ట్‌కు ఇన్‌కరెక్ట్ వ్యతిరేకమని బడిలో వల్లె వేయించింది మనమే. తీరా చూస్తే ఫ్లేమబుల్ అన్నా, ఇన్‌ఫ్లేమబుల్ అన్నా సులువుగా నిప్పంటుకునేదనే అర్థం.

రగిలించడం అనే అర్థంలో లాటిన్ నుంచి వచ్చిన ‘ఇన్‌ఫ్లేమ్’ క్రియకు చెందిన విశేషణం ఇన్‌ఫ్లేమబుల్. అందులోని ‘ఇన్’కూ ‘కాదు’ అనే అర్థానికీ సంబంధం లేదు. వయసులోనూ ఇదే పెద్దది, 17వ శతాబ్దం నుంచి వాడుకలో ఉంది. ఫ్లేమబుల్ 1813 నాటిది. దాన్ని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1920ల్లో అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్, 1959లో బ్రిటిష్ ప్రమాణాల సంస్థ ఈ గందరగోళం చూసే ఫ్లేమబుల్ వాడమన్నాయి. రసాయనాల లేబుళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 2003లో వెలువరించిన విధానంలోనూ అదే మాట ఉంది.

వ్యాకరణపరంగా రెండింటికీ తేడా లేదు. నామవాచకానికి ముందైనా, క్రియ తర్వాతైనా ఇమిడిపోతాయి, ‘హైలీ’ రెండింటికీ అతుకుతుంది. తేడా అంతా ఆలంకారిక ప్రయోగంలోనే. ముక్కోపి స్వభావాన్నీ, రాజుకోబోతున్న గొడవనూ ఇన్‌ఫ్లేమబుల్ అనవచ్చు, ఫ్లేమబుల్ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. (రెచ్చగొట్టే ప్రసంగానికి వాడే ఇన్‌ఫ్లమేటరీ వేరే మాట.) ఇక మండని వస్తువును నాన్‌ఫ్లేమబుల్ అంటారు. నాన్ఇన్‌ఫ్లేమబుల్ అనే మాట కూడా నిఘంటువుల్లో ఉంది. దాన్ని డబ్బా మీద అచ్చువేసే ధైర్యవంతులకు ఒక దండం.

కథల్లో, వ్యాసాల్లో ఇన్‌ఫ్లేమబుల్ నిక్షేపంగా ఉండవచ్చు. డబ్బాల మీద నుంచి మాత్రం దాన్ని తీసేయాలి. ఎర్ర గీతల చట్రంలో మంట బొమ్మ ఉంటుంది కదా అంటారు. ఆ బొమ్మ గోరంత వేస్తే ఎవరికి ఆనుతుంది? పక్కనే ‘నిప్పు తగిలితే భగ్గుమంటుంది’ అని తెలుగులో ఒక్క వరుస పెద్ద అక్షరాల్లో వేయడానికి తయారీదారులకు అడ్డేమిటో తెలియదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. అగ్నిప్రమాదాల వార్తల్లో ఇన్‌ఫ్లేమబుల్ అని యథాతథంగా రాయకుండా ‘త్వరగా మండే’ అని రాయండి. ఇంగ్లీషు పాఠాల శీర్షికలో ‘ఇన్’ చేరితే వ్యతిరేకార్థమనే సూత్రం ఇచ్చినప్పుడల్లా, దాని కిందే ఈ మినహాయింపును కూడా అచ్చువేయించండి.

– ఒక పాఠకుడు