కొత్త టీచర్లను ఎలా ఎంచుకుంటున్నాం?

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే విద్యా సంవత్సరానికి కొత్త టీచర్లను తీసుకుంటున్నాం. వాళ్ళకు టెట్‌లో ఎన్ని మార్కులొచ్చాయని చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ప్రభుత్వ డీఎస్సీలో కూడా రాతపరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంటాయి. లక్షలమంది రాసేచోట పైరవీలను ఆపడానికి అది మంచి పద్ధతి. అయితే సబ్జెక్టు వచ్చో రాదో మార్కులు చెబుతాయి గానీ, పిల్లాడు మొండికేస్తే టీచర్ ఏం చేస్తారో చెప్పవు.

ఈ విషయాన్ని ఏళ్ళ తరబడి పరిశోధించిన విద్యా మనస్తత్వవేత్త రాబర్ట్ క్లాసెన్. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో, తర్వాత ఇంగ్లండులోని యార్క్‌లో పనిచేశారు. టీచర్ల ఎంపిక మీద జరిగిన 32 అధ్యయనాలను ఆయనా, లీసా కిమ్ కలిసి క్రోడీకరించి 2019లో ప్రచురించారు. ఎంపికలో వచ్చిన స్కోరుకూ, తర్వాతి పనితీరుకూ ఉన్న సహసంబంధం 0.12 అని తేలింది (సున్నా అయితే సంబంధమే లేనట్టు, ఒకటైతే పూర్తిగా ఉన్నట్టు). అంటే టీచర్ల పనితీరులో కనబడే తేడాల్లో ఒకటిన్నర శాతం కూడా ముందుగా అంతుచిక్కడం లేదు. ఎంపిక కానివాళ్ళు ఎలా బోధించేవాళ్ళో కొలవలేం కాబట్టి ఆ అంకె కొంత తగ్గి కనబడుతుందన్నదీ నిజమే.

ఆయన బృందం సిచ్యుయేషనల్ జడ్జ్‌మెంట్ టెస్టు (ఒక సందర్భం ఇచ్చి, అప్పుడు ఏం చేయడం సరైనదో అడిగే పరీక్ష) మీద ఎక్కువగా పనిచేసింది. మనమూ ఈసారి అలాంటిదే పెడుతున్నాం. ఒక సందర్భం చూడండి: ఏడో తరగతిలో భిన్నాల పాఠం జరుగుతోంది. వెనక బెంచీ పిల్లాడు "నాకు రాదు" అని నోట్సు మూసేశాడు. పక్కవాళ్ళు నవ్వారు. టీచర్ నవ్వినవాళ్ళను ముందు ఆపాలా? అందరికీ ఒక లెక్క ఇచ్చి, అతని పక్కన కూర్చుని మొదటి మెట్టు చేయించాలా? పాఠం ఆపకుండా బెల్లు కొట్టాక మాట్లాడాలా? ఒక్కోటి ఎంత సరైనదో అభ్యర్థి అంకె వేస్తారు. అనుభవజ్ఞులైన టీచర్లు ముందే వేసిన అంకెలతో దాన్ని పోల్చి చూస్తాం. "పిల్లాణ్ణి బయట నిలబెట్టాలి" లాంటి తేలిగ్గా తప్పని తెలిసే జవాబులు పెడితే అందరికీ ఒకే స్కోరొస్తుంది, పరీక్ష పెట్టీ లాభం ఉండదు. అందుకే పైన అన్నీ కొంత సమంజసమైనవే ఉన్నాయి. సందర్భాలు కూడా పరాయి దేశంవి తెచ్చుకోవడం లేదు. నలభై అయిదుమంది ఉన్న క్లాసును రోజూ నడిపేవాళ్ళే రాస్తున్నారు.

ఇంటర్వ్యూలో అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుస. ముగ్గురు సభ్యులూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే మార్కులు కాగితం మీద వేస్తారు. లేకపోతే ముందు నోరు తెరిచిన పెద్దవాళ్ళ మాటే మిగతావాళ్ళ మాటైపోతుంది.

ఎంపిక ఎంత బాగా చేసినా పని సగమే అయినట్టు. క్లాసెన్, మింగ్ మింగ్ చియు కెనడాలో 1,430 మంది టీచర్లపై జరిపిన అధ్యయనం 2010లో వచ్చింది. బోధించగలనన్న నమ్మకం ఉద్యోగం మొదట్లో తక్కువగా ఉండి, నడిమి ఏళ్ళ వరకు పెరిగి, ఆపైన తగ్గుతుందని అందులో తేలింది. తరగతి గదిలో ఒత్తిడి ఎక్కువున్నవాళ్ళలో ఆ నమ్మకమూ, ఉద్యోగ సంతృప్తీ రెండూ తక్కువే. అందుకే కొత్తవాళ్ళకు మొదటి ఏడాది వారానికి రెండు పీరియడ్లు తగ్గిస్తున్నాం. ఆ సమయంలో సీనియర్ల క్లాసులో కూర్చుంటారు.

మీ నుంచి ఒక సాయం కావాలి. మొదటి యూనిట్ టెస్టు మార్కులు చూసి కొత్త టీచర్ మీద అభిప్రాయానికి రావద్దు. ఏదైనా ఇబ్బంది ఉంటే ముందు డైరీలో రాసి వాళ్ళకే పంపండి. మూడు రోజుల్లో జవాబు రాకపోతే నా దగ్గరికి రండి.

ప్రధానోపాధ్యాయురాలు